బార్బెక్యూ పొడి మసాలా ఇంట్లోనే: ఉప్పు మాత్రం వేరే డబ్బాలో

ముందుగా ఒక్క మాట. మీరు చేయబోయే ఈ పొడిలో ఉప్పు వెయ్యకండి. ఉప్పు పక్కన వేరే డబ్బాలో ఉండాలి. మాంసం తూకాన్ని బట్టి ఉప్పు, నాలుకను బట్టి మసాలా. రెండూ ఒకే సీసాలో కలిపేస్తే ఎప్పుడూ ఏదో ఒకటి తేడా కొడుతుంది. ఘాటు చాల్లేదని ఇంకో చెంచా పూస్తే ముక్క ఉప్పుకషాయం అవుతుంది. ఉప్పు సరిపోయింది కదా అని చెయ్యి ఆపేస్తే మసాలా పట్టదు. బజార్లో దొరికే ప్యాకెట్లలో చాలావాటితో నాకొచ్చిన ఇబ్బంది ఇదే.

మేముండేది నెల్లూరులో. ఆదివారం సాయంత్రం మిద్దె మీద నిప్పులు రాజేయడం మా ఇంట్లో ఆరేడేళ్ళుగా అలవాటు. సగానికి కోసిన ఇనప డ్రమ్ము, దాని మీద ఒక జాలీ, అంతే సరంజామా. మొదట్లో అందరిలాగే పెరుగు, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి కాల్చేవాళ్ళం. అదీ రుచిగానే ఉంటుంది. కానీ తడి మసాలా సగం నిప్పుల్లోకి జారిపోతుంది, మిగిలిన సగం ముక్కను ఉడకబెడుతుంది గాని కాల్చదు. పొడి మసాలా తీరు వేరు. అది ముక్కకు అంటుకుని, ముక్కలోంచి కారే కొవ్వులోనే వేగి, పైన ముదురు ఎరుపు రంగు పొరలా గట్టిపడుతుంది. కొరికితే ముందు ఆ పొర కరకరలాడాలి, తర్వాత లోపలి మెత్తదనం తగలాలి. అమెరికాలో ఆ పొరను చెట్టు బెరడుతో పోల్చి, ఆ పేరుతోనే పిలుస్తారు. మన శ్రమంతా ఆ బెరడు కోసమే.

అక్కడి కొలతలు ఇక్కడ ఎందుకు పనికిరావు

ఈ పద్ధతికి పేరు తెచ్చినవాళ్ళు అమెరికా దక్షిణాది వాళ్ళు. టెక్సస్‌లో గొడ్డుమాంసానికి చాలామంది కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, ఉప్పు తప్ప ఇంకేమీ పుయ్యరు. మెంఫిస్‌లో పంది పక్కటెముకలకు పాప్రికా అనే ఎర్రటి, కారం లేని మిరపపొడి ప్రధానం. కాన్సాస్ సిటీ వైపు తీపి ఎక్కువ. ఎక్కడైనా ఒక విషయం మాత్రం ఉమ్మడి. మూత బిగించిన పొయ్యిలో, 110 నుంచి 120 డిగ్రీల సెగలో, పొగతో గంటల తరబడి మగ్గబెడతారు. ఆ వేడికి పంచదార మాడదు. అందుకే వాళ్ళ కొలతల్లో మిరపపొడికి సమానంగా బ్రౌన్ షుగర్ కనిపిస్తుంది.

మనం చేసేది అది కాదు. మనది తెరిచిన నిప్పు, జాలీకి జానెడు కింద కణకణలాడే బొగ్గులు. జాలీ దగ్గర వేడి 250 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. పంచదార 160 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలవుతుంది, ఇంకాస్త వేడెక్కితే నల్లబడి చేదెక్కుతుంది. నేను మొదటిసారి అమెరికా కొలతను ఉన్నది ఉన్నట్టు కప్పులతో కొలిచి చేశాను. పది నిమిషాల్లో లెగ్ పీసులు బొగ్గుల్లా నల్లబడ్డాయి, ఎముక దగ్గర పచ్చిగానే ఉన్నాయి. మా అమ్మాయి ఒక్క ముక్క కొరికి పళ్ళెంలో పెట్టేసింది. ఆ రాత్రి అందరం పెరుగన్నం తిన్నాం. అప్పటినుంచి తీపిని మొత్తం పొడిలో ఎనిమిదో వంతుకు తగ్గించాను. ఈ కింది కొలత అలా కుదిరిందే.

కొలత

అన్నీ గ్రాముల్లోనే చెబుతున్నాను. చెంచాలతో ఈ పని సరిగ్గా కుదరదు, దంచిన మిరియాలకూ మెత్తటి కారానికీ చెంచా బరువు ఒకటి కాదు. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, వంటింట్లో వంద పనులకు పనికొస్తుంది.

బ్యాడిగి మిరపకాయలు 50 గ్రాములు, గుంటూరు మిరపకాయలు 15, ధనియాలు 40, బెల్లం పొడి 30, మిరియాలు 20, వెల్లుల్లి పొడి 20, జీలకర్ర 15, ఉల్లి పొడి 15, ఆవాలు 10, మామిడి ఒరుగుల పొడి 10, శొంఠి 5. మొత్తం 230 గ్రాములు. మిరపకాయల తూకం తొడిమలు తీశాక వేసింది. కిలో మాంసానికి సుమారు 30 గ్రాములు పడుతుంది కాబట్టి ఏడున్నర కిలోల దాకా వస్తుంది.

పసుపు, లవంగాలు, దాల్చినచెక్క, యాలకులు లేవేమిటని మీరు అడగొచ్చు. కావాలనే వెయ్యలేదు. లవంగం, చెక్క పడగానే ముక్కకు బిర్యానీ వాసన వస్తుంది, బొగ్గు పొగ వాసన వెనక్కి పోతుంది. పసుపు వేస్తే మిరప ఎరుపు మట్టిరంగులోకి దిగుతుంది. ఎండిన కరివేపాకు పొడి కూడా వేసి చూశాను, నిప్పు తగలగానే చేదెక్కింది. మామూలు కూరకి మంచిదల్లా దీనికి మంచిది కాదు.

మిరపకాయలు

పాప్రికా స్థానంలో బ్యాడిగి. ముడతలు పడి, ముదురు ఎరుపులో, కారం తక్కువగా ఉండే కాయ అది. కర్ణాటక సరుకు, కానీ మన కిరాణా కొట్లలో కూడా అడిగితే ఇస్తారు. దొరక్కపోతే కాశ్మీరీ కాయ తీసుకోండి. గుంటూరు కాయ ఘాటు కోసం. ఆ 15 గ్రాములే చాలు. మనవాళ్ళం కారానికి అలవాటు పడ్డవాళ్ళం కదా, కారం దోసె ఊరివాళ్ళం కదా అని దాన్ని 50 చెయ్యాలనిపిస్తుంది. చెయ్యకండి. పై పొరంతా ఒక్కచోటే నోటికి తగులుతుంది. కూరలో కలిసిపోయే కారానికీ ఈ కారానికీ తేడా ఉంది.

తొడిమలు తీసి, కాయల్ని తుంచి గింజల్లో సగమైనా దులిపెయ్యండి. అలా చేస్తే పొడి ఎర్రగా వస్తుంది. మూకుట్లో వేయించకండి. ఒక మధ్యాహ్నం మంచి ఎండలో పెడితే చాలు, చేత్తో నలిపితే గలగలమనాలి. ఇవి రేపు నిప్పు మీద మళ్ళీ కాలబోతున్నాయి. ఇప్పుడే వేయిస్తే అప్పుడు మాడతాయి.

వెల్లుల్లి, ఉల్లి: అసలు పనంతా ఇక్కడే

వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి సూపర్ మార్కెట్లో దొరుకుతాయి, తొందరుంటే కొనుక్కోండి. నేను ఒకసారి కొన్న వెల్లుల్లి పొడి సీసాలో సగానికి సగం పిండే ఉన్నట్టు అనిపించింది. నీళ్ళలో కలిపి కాస్త వేడి చేస్తే గంజిలా చిక్కబడింది. అందుకే ఎండలున్న రోజుల్లో ఇంట్లోనే చేసుకుంటాను. వేసవిలో ఒక్కసారి చేసుకుంటే ఏడాదికి సరిపోతుంది.

లెక్క ఇది. ఒలిచిన వెల్లుల్లి 100 గ్రాములు ఎండితే 35 గ్రాములు దాటుతుంది. ఉల్లిపాయలో నీళ్ళే ఎక్కువ, 100 గ్రాములకు 10, 12 గ్రాములు మిగిలితే గొప్ప. కాబట్టి పై కొలతకు 60 గ్రాముల వెల్లుల్లి, 150 గ్రాముల ఉల్లిపాయ కావాలి. ఎలాగూ ఎండబెడుతున్నారు కాబట్టి దానికి నాలుగింతలు చేసుకోండి.

వెల్లుల్లి రెబ్బల్ని పల్చటి బిళ్ళలుగా కొయ్యండి. దంచొద్దు. దంచితే రసం కారి పళ్ళేనికి అతుక్కుంటుంది, ఎండదు. ఉల్లిపాయల్ని వడియాల ఉల్లిలాగా ముక్కలు కాకుండా, నిలువుగా, కాగితమంత పల్చగా తరగండి. మా అమ్మకు ఈ పని అప్పగిస్తే కత్తిపీట ముందు కూర్చుని మాట్లాడుతూనే కిలో తరిగేస్తుంది, ఒక్క ముక్క మందంగా ఉండదు. ముక్కలన్నీ ఒకే మందంలో ఉండాలి. లేకపోతే పల్చటివి ఎండి పేలాలయ్యే సరికి మందపువి లోపల మెత్తగా ఉండిపోతాయి. ఆ మెత్తటి ముక్క ఒక్కటి చాలు, మొత్తం సీసా గడ్డకట్టడానికి.

తెల్లటి పాత పంచె పరిచి, దాని మీద ఒకదానికొకటి తగలకుండా ఆరబెట్టి, పైన ఇంకో పల్చటి గుడ్డ కప్పండి. ఈగలు రావు, దుమ్ము పడదు, రంగు కూడా పోదు. మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తె ఎండల్లో, రెండు మూడు రోజులు చాలు. కానీ సముద్రం దగ్గరున్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మైపాడు, కోడూరు వైపైనా, ఒంగోలు పక్క కొత్తపట్నం వైపైనా సాయంత్రం గాలి తిరగ్గానే తేమ మొదలవుతుంది. పగలంతా ఎండినది రాత్రికి మళ్ళీ మెత్తబడుతుంది. నాలుగున్నరకల్లా లోపలికి తెచ్చి, స్టీలు డబ్బాలో పోసి మూత పెట్టండి, పొద్దున మళ్ళీ పరవండి. కనిగిరి, పామూరు వైపు గాలి పొడిగా ఉంటుంది, అక్కడివాళ్ళకు ఈ బాధ తక్కువ. మా అత్తగారిది ఆ వైపే, అక్కడ మిద్దె మీద రెండు రోజుల్లో అయిపోయే పని మాకు మూడో రోజుకి గాని కాదు.

ఎండిందో లేదో చూపు చెప్పదు, చెవి చెబుతుంది. ముక్క తీసి విరవండి. పుటుక్కున విరగాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. మా అమ్మ అయితే గుప్పెడు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంది. ఎండుటాకుల చప్పుడు వస్తేనే డబ్బాలోకి పోస్తుంది, లేకపోతే మళ్ళీ పంచె మీదికే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని పెట్టుకోకండి. మనకు వానలు ఎక్కువగా పడేది ఆ నెలల్లోనే. ముసురు పట్టిన వారంలో ఆరబెట్టిన ఉల్లిపాయ ఎండదు, బూజు పడుతుంది. ఆ రోజుల్లో కొన్న పొడే నయం.

మామిడి ఒరుగులు చాలా ఇళ్ళలో ఉంటాయి. పుల్లటి కాయ ముక్కల్ని ఉప్పు లేకుండా ఎండబెట్టినవి కావాలి. ఉప్పు ఒరుగులు వద్దు, కారణం మొదట్లోనే చెప్పాను. అవి లేకపోతే నిమ్మతొక్కలు. పొదలకూరు వైపు నిమ్మకాయలకు మనకేం కరువు లేదు. రసం పిండేసిన తొక్కల లోపలి తెల్ల పొరను చెంచాతో గీకేసి, పైపచ్చ మాత్రం ఎండబెట్టి పొడి చెయ్యండి. అయిదు గ్రాములు చాలు. ఆ తెల్ల పొర ఉంటే చేదు.

బెల్లం

బ్రౌన్ షుగర్ కొనక్కర్లేదు. తాటి బెల్లమైతే ఇంకా మంచిది, దానిలో ఉండే కొద్దిపాటి పొగ వాసన ఈ మసాలాకు కలిసొస్తుంది. కానీ ఏ బెల్లంలోనైనా తేమ ఉంటుంది. తురిమి, పల్చగా పళ్ళెంలో పరిచి, రెండు రోజులు ఎండలో పెట్టి, మధ్యమధ్య వేళ్ళతో నలుపుతూ ఉండండి. పొడిపొడిగా రాలాలి. అలా రాకపోతే దాన్ని సీసాలో కలపొద్దు, వేరుగా పెట్టుకుని వాడే ముందు కలుపుకోండి. వానాకాలంలో నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

పొడి కొట్టడం

ధనియాలు, జీలకర్ర మూకుట్లో సన్నటి సెగ మీద గోరువెచ్చగా అయ్యేదాకా తిప్పండి చాలు. వాసన గుప్పుమనేదాకా ఉంచొద్దు, రంగు అసలు మారకూడదు. తేమ పోవడానికే ఈ వెచ్చబెట్టడం. ఆవాలు అసలు వేయించొద్దు. పచ్చి ఆవపొడికి తడి తగిలాకే ఆ ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. ఆవకాయ కలిపినప్పుడు చూస్తాం కదా, అదే. వేయిస్తే ఆ గుణం పోతుంది.

అన్నీ పూర్తిగా చల్లారాక మిక్సీలో వేసుకోండి. మొదట శొంఠి, దాన్ని దంచి చిన్న ముక్కలు చేసి వెయ్యండి. తర్వాత ధనియాలు, జీలకర్ర, ఆవాలు. తర్వాత మిరపకాయలు. చివర ఉల్లి, వెల్లుల్లి. మిక్సీని ఆపకుండా తిప్పకండి, పది సెకన్లు తిప్పి ఆపి, మళ్ళీ తిప్పండి. గిన్నె వేడెక్కితే మసాలా నూనె ఊరి ముద్ద కడుతుంది, వాసన కూడా గదిలోనే పోతుంది. తిప్పడం అయ్యాక వెంటనే మూత తియ్యకండి. అయిదు నిమిషాలు ఆగితే పొడి కిందికి దిగుతుంది, దగ్గు, తుమ్ములు రావు.

మరీ మెత్తగా వద్దు. ఇది రవ్వంత బరకగా ఉండాలి. కారం మరలో పట్టించే పొడిలా మెత్తగా చేస్తే ముక్క మీద బురదలా పరుచుకుంటుంది. మిరియాలను మాత్రం మిక్సీలో వెయ్యకుండా రోట్లో దంచండి. ఒక్కో మిరియం నాలుగైదు ముక్కలైతే చాలు. కాలిన పొర మీద అక్కడక్కడ పంటికింద మిరియం పలుకు తగలడం చాలా బాగుంటుంది.

మిరియాలు తప్ప మిగతావన్నీ వెడల్పాటి పళ్ళెంలో పోసి, బెల్లం పొడి, మామిడి పొడి చల్లి, పొడి చేత్తో నలుపుతూ కలపండి. కలిపాక జల్లించండి. జల్లెడలో మిగిలిన పెద్ద ముక్కల్ని మళ్ళీ మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. దంచిన మిరియాలు ఆఖర్న కలపండి.

ఇప్పుడు రుచి చూడాలి. ఉత్తి పొడి నాలుక మీద వేసుకుంటే ఏమీ తెలియదు, పచ్చి వాసన, ఘాటు తప్ప. ఒక ఆలుగడ్డను పల్చటి చక్రాల్లా కోసి, చిటికెడు ఉప్పు, ఈ పొడి అద్ది, పెనం మీద చుక్క నూనెతో రెండు వైపులా కాల్చి తినండి. రేపు మాంసం మీద రాబోయే రుచికి దగ్గరగా ఉంటుంది. పులుపు చాలకపోతే మామిడి పొడి, ఘాటు చాలకపోతే మిరియాలు పెంచండి. బెల్లం మాత్రం పెంచకండి.

గాజు సీసాలో పోసి, వెలుతురు పడని చోట పెట్టండి. ఎండ తగిలితే ఎరుపు వెలిసిపోతుంది. తడి చెంచా ముంచకూడదని చెప్పక్కర్లేదు. మూడు నెలలు కమ్మగా ఉంటుంది, ఆ తర్వాత చెడిపోదు గాని వాసన తగ్గుతుంది.

ఉప్పు

ఇక పక్కన పెట్టిన డబ్బా తెరుద్దాం. నాకు కల్లుప్పు ఇష్టం. ఇస్కపల్లి వైపు ఉప్పు మడులు చూస్తూ పెరిగినవాళ్ళం కాబట్టి ఆ ఇష్టం మాకు సహజం. అయితే ఏ ఉప్పైనా పరవాలేదు, తూచి వెయ్యండి. ఎముకతో ఉన్న మాంసం కిలోకి 12 గ్రాములు. మెత్తటి ఉప్పు టీ చెంచాకి సుమారు 6 గ్రాములు తూగుతుంది, అంటే తలగొట్టిన రెండు చెంచాలు. దంచిన కల్లుప్పు చెంచాకి తక్కువ తూగుతుంది, అందుకే కాటా అంటున్నాను.

ఉప్పును మసాలా కన్నా ముందు, ఒక్కదాన్నే పట్టించాలి. ఎందుకంటే ఈ డబ్బాల్లో ఉన్నవాటన్నిటిలో మాంసం లోపలికి బాగా దిగేది ఉప్పొక్కటే. మిరప, వెల్లుల్లి, ధనియాలు రాత్రంతా ఉంచినా పైపైనే ఉంటాయి. ఒకసారి లెగ్ పీసుకు ఉప్పు పట్టించి పక్కన కూర్చుని చూడండి. పావుగంటకి చర్మం మీద చెమట పట్టినట్టు సన్నటి నీటి బొట్లు లేస్తాయి. అరగంటకి ఆ బొట్లు కలిసి ముక్కంతా తడిసి మెరుస్తుంది. ఆ సమయంలో చాలామంది కంగారుపడి తుడిచేస్తారు, లేదా అప్పుడే నిప్పు మీద వేసేస్తారు. రెండూ తప్పే. ఉప్పు బయటికి లాగిన నీళ్ళలోనే కరిగి, ఆ నీళ్ళతో పాటు మెల్లగా మళ్ళీ లోపలికి పోతుంది. నాలుగు గంటల తర్వాత చూస్తే పైన తడి ఉండదు, చర్మం బిగుసుకుని పొడిగా, వేలికి కొద్దిగా అంటుకున్నట్టు ఉంటుంది. మసాలా పట్టించడానికి సరైన సమయం అదే.

చికెన్ లెగ్ పీసులకు ఎముక దాకా రెండు గాట్లు పెట్టి, రాత్రే ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. పైన మూత బిగించొద్దు, పల్చటి గుడ్డ కప్పితే చాలు. చిన్న ముక్కలకు రెండు గంటలు చాలు. ఫ్రిజ్ బయట మాత్రం పెట్టొద్దు. మన ఎండాకాలంలో కోడిమాంసం గంటకు మించి బయట ఉండకూడదు.

పట్టించడం

నిప్పులు రాజేసేటప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి, ఇంకా తడి కనిపిస్తే గుడ్డతో అద్ది, ముక్కలకు నువ్వుల నూనె గాని వేరుశనగ నూనె గాని చేత్తో పల్చగా రాయండి. మెరవాలి, కారకూడదు. కిలోకి కావాల్సిన 30 గ్రాముల మసాలాను వేరే గిన్నెలోకి తీసుకోండి. చేయి పెట్టేది ఆ గిన్నెలోనే, సీసాలో కాదు. పచ్చిమాంసం ముట్టుకున్న చేయి సీసాలో పడితే ఆ సీసా పారెయ్యాల్సిందే. గిన్నెలో మిగిలిన మసాలా కూడా తిరిగి సీసాలో పొయ్యొద్దు.

దాంట్లో మూడింట రెండొంతులు ఇప్పుడు చల్లి, అరచేత్తో అద్దండి. రుద్దొద్దు. రుద్దితే ఒకచోట ముద్దలుగా, ఒకచోట ఖాళీగా పడుతుంది. గాట్లలోకి వేళ్ళతో దూర్చండి. మిగిలిన వంతు చివరికి ఉంచండి.

నిప్పు

బొగ్గు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇస్త్రీ బండ్లవాళ్ళు కొనే చోటే మనమూ కొనొచ్చు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సర్కారు తుమ్మ అనండి, చిల్లచెట్టు అనండి, బీళ్ళలో, చెరువు గట్ల మీద ఎక్కడ చూసినా అదే. బట్టీలు పెట్టి దాన్ని బొగ్గుగా కాలుస్తారు. టెక్సస్‌లో మాంసానికి మంచి పొగనిస్తుందని ఏరికోరి వాడే మెస్కీట్ కట్టె ఉంది చూశారా, అది మన ఈ చెట్టుకు దగ్గరి చుట్టమే. పొలాన్ని పాడుచేస్తుందని మనం తిట్టుకునే చెట్టు ఈ ఒక్క పనిలో మేలైన సరుకు. బొగ్గు మీద ఎండిన చిన్న కట్టె ముక్క ఒకటి రెండు వేస్తే పొగ వాసన ఇంకా బాగా పడుతుంది. జామాయిల్ కట్టె మాత్రం వద్దు, దాని మందు వాసన ముక్కకు పట్టేస్తుంది.

కిరోసిన్ పోసి అంటించకండి. కొబ్బరి పీచు, ఎండిన తాటాకు చాలు. బొగ్గుల మీద బూడిద పొర తెల్లగా కమ్మేదాకా ఆగండి, ఇది అరగంట పని. తర్వాత బొగ్గులన్నీ డ్రమ్ములో ఒక పక్కకు లాగండి. రెండో పక్క ఖాళీగా ఉండాలి. జాలీ ఎత్తున అరచెయ్యి పెట్టి చూడండి. బొగ్గుల వైపు మూడు లెక్కపెట్టేలోగా చెయ్యి తీసెయ్యాలనిపించాలి, ఖాళీ వైపు ఏడెనిమిది దాకా ఓర్చుకోగలగాలి.

లెగ్ పీసుల్ని ఖాళీ వైపు పెట్టి, పైన పెద్ద అల్యూమినియం బేసిన్ బోర్లించండి. ఇరవై అయిదు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పండి. అప్పుడు మిగిలిన మసాలా చల్లి, ఇంకో పది నిమిషాలు ఉంచి, చివరి రెండు మూడు నిమిషాలు బొగ్గుల వైపుకి జరపండి. ఇక్కడ మాత్రం పక్కనుంచి కదలకండి. కొవ్వు నిప్పుల్లో పడి మంట లేస్తే ముక్కను వెంటనే ఖాళీ వైపుకి తెచ్చెయ్యండి, నీళ్ళు చల్లితే బూడిద ఎగిరి ముక్కకు పడుతుంది. మాంసం థర్మామీటరు ఉంటే ఎముక పక్కన 74 డిగ్రీలు దాటాలి. లెగ్ పీసు 80 దాటితే ఇంకా మెత్తగా ఉంటుంది. థర్మామీటరు లేకపోతే కీలు దగ్గర కత్తి గుచ్చండి, వచ్చే రసంలో ఎరుపు ఉండకూడదు.

మిగతా వాటి సంగతి

నాటుకోడి ఈ పనికి రాదు, దాన్ని పులుసుకే ఉంచండి.

పొట్టేలు మాంసమైతే లేతది అడిగి పక్కటెముకల చాప్స్ కొట్టించుకోండి. మన నెల్లూరు జాతి గొర్రె దేశంలోనే ఎత్తైన జాతి అని పేరు. పల్ల, జోడిపి, దొర అని రంగును బట్టి మూడు రకాలు. ముదురు జీవం మాంసం నిప్పు మీద తోలులా సాగుతుంది, కాబట్టి కొట్లో నమ్మకమైన మనిషిని అడిగి తీసుకోండి. చాప్స్‌కి మసాలాలో మిరియాలు ఇంకో చెంచా కలుపుతాను, అవి మోస్తాయి.

చేపకు, అంటే వంజరం ముక్కలకో నిండు చందువాకో, మసాలాలో జీలకర్ర ఎక్కువనిపిస్తుంది. చేపల కోసం ఒక చిన్న సీసా విడిగా చేసుకుంటే మంచిది. జీలకర్ర, బెల్లం సగానికి తగ్గించి, దోరగా వేయించిన మెంతుల పొడి రెండు చిటికెలు వెయ్యండి. చేపల పులుసు అలవాటైన నోటికి ఆ చిటికెడు మెంతి తెలిసిపోతుంది. చేపకు ఉప్పు ఇరవై నిమిషాల ముందు పట్టిస్తే చాలు, కిలోకి 10 గ్రాములు.

రొయ్యలు అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా త్వరగా చెడగొట్టగలిగేవీ అవే. పెద్ద వనామీ గాని టైగర్ గాని తీసుకుని, వీపు మీద నల్లటి దారం తీసి, తోక ఉంచండి. కిలోకి 8 గ్రాముల ఉప్పు, పావుగంట. తుడిచి, నూనె రాసి, మసాలా మొత్తం ఒకేసారి అద్దండి. రొయ్య మీద మసాలా నిమిషాల్లోనే వేగాలి కాబట్టి దీనికి పొడిని ఇంకోసారి మిక్సీలో తిప్పి కాస్త మెత్తగా చేసుకోవాలి. సన్నటి చువ్వలకు తలా తోకా కలిపి గుచ్చితే తిప్పేటప్పుడు దొర్లవు. నేరుగా బొగ్గుల వైపే, ఒక్కో వైపు రెండు నిమిషాలు. రొయ్య వంగి సగం చక్రంలా ఉన్నప్పుడే తీసెయ్యాలి. ముడుచుకుని పూర్తి సున్నా అయ్యిందంటే రబ్బరు అయిపోయినట్టే. తీసిన వెంటనే, ఇంకా చిటపటలాడుతుండగానే, నిమ్మకాయ సగం చెక్క పిండి పళ్ళెంలో పెట్టండి.